ముందు ఏ గండి

డే అండ్ నైట్ కూడలిలో, మందుల షాపు మీది అద్దె గదిలో
స్కానర్ పని ముగిసేసరికి రాత్రి రెండున్నర.
మూడువందల పన్నెండు కంతలు.
నలభై ఒకటి ఎరుపు, తక్కినవి నారింజ, పసుపు,
సంత ముగిశాక బేరం కాని మిరప గంపలా తెర నిండా.

ఆసుపత్రి వాళ్లు సంతకం చేసిన అనుమతి కాగితం
లాప్‌టాప్ కింద నలుగుతోంది.
అందులో నాకున్నవి నాలుగు రోజులు.
అన్ని తలుపులూ తట్టలేను.
తట్టినా, ఏ తలుపు వెనక ఎవరు పడుకున్నారో
స్కానర్‌కి తెలీదు.

మొదటి ఎరుపు. తొమ్మిది పాయింట్ ఎనిమిది.
పగలే పోయి చూసొచ్చాను:
మెట్ల కింద, ఫినాయిల్ డబ్బాల పక్కన
ప్రింటర్‌ని నడిపే ముసలి పెట్టె.
దాని తీగ ప్రింటర్ దాకా పోయి ఆగిపోతుంది.
స్కానర్‌ని తెచ్చి పక్కన కూర్చోబెడితే గానీ నోరు విప్పలేదు.
కంత పెద్దదే, ఏనుగు దూరొచ్చు.
దూరిన ఏనుగు
ఫినాయిల్ వాసన పీల్చి వెనక్కి రావాలి.

రెండువందల అరవై ఏడో వరస. పసుపు. ఐదు పాయింట్ మూడు.
డయాలసిస్ వంతుల పేజీ.
రికార్డుల గదిలో దమయంతి గారు నాకోసం
ఇద్దరు ఉత్తుత్తి రోగుల్ని పుట్టించింది,
ఒకరికి తన పేరు, ఒకరికి తన ఆడపడుచు పేరు.
దమయంతిగా లోపలికెళ్లి
అడ్రసు చివరి అంకెకి ఒకటి కలిపాను.
ఆడపడుచు వచ్చి నిలబడింది:
మంగళవారం, పది గంటలు, ఏడో మిషను, ఊరు కవిటి.
మంగళవారాన్ని శుక్రవారం చేశాను.
నువ్వెవరని పేజీ అడగలేదు.
మార్పు నమోదైంది, అంది
పచ్చటి అక్షరాల్లో, ఎంతో మర్యాదగా.

వంశధార ఎడమ కాలువ మీద లస్కరు తవిటయ్య
గుర్తొచ్చాడు.
తుపాను రాత్రి షట్టర్ల దగ్గర నీళ్లు మోత పెడుతుంటే
ఊరంతా ఇసక బస్తాలతో అటు.
తవిటయ్య ఒక్కడూ ఇటు, కట్ట వెనక,
చెప్పుల్లేని పాదాలతో మట్టిని తడుముతూ.
లాంతరు పట్టుకుని వెంటపడ్డ నాతో అన్నాడు:
"మోతెట్టే కాడ ఏటుంది గుంటా, అక్కడ రాయుంది.
సడీ సప్పుడూ లేకుండా సెమ్మగిల్లే కాడ సూడాల.
ఆ కిందన ఎవులిల్లుందో, అదీ సూడాల."
పీత బొరియ. రెండు వేళ్లు పట్టేంత.
కింద ఒక పాక. పాకలో బాలింత.

ఎనిమిదింటికి విశాఖ నుంచి ఫల్గుణరావు గారి ఫోను.
"ఎరుపు వదిలి పసుపుతో మొదలెడతావా?
వాళ్లకేం చెప్పను?"

చెప్పండి. దీన్ని ఎవరైనా చేరగలరు,
బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఫోను మీద.
తాళంచెవి అక్కర్లేదు, ఒకటి కూడటం వస్తే చాలు.
తెగితే నీళ్లు ఎవరింట్లోకి పోతాయో అదీ చెప్పండి.
వారానికి రెండే వంతులు వాళ్లకి.
ఒకటి తప్పితే పాదాలు ఉబ్బుతాయి,
వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు,
రాత్రంతా గోడకానుకుని కూర్చోవాలి.

అటు కాసేపు నిశ్శబ్దం. "మరి ప్రింటరు?"
రాస్తాను, మానను. రేపెవరైనా ఆ తీగని పొడిగించొచ్చు.
కానీ చివర్లో.

ధైర్యంగానే అన్నాను.
ఇంకా తాకని వరసలు రెండువందల పైచిలుకు.
వాటిలో ఎక్కడో మట్టి చెమ్మగిల్లుతూనే ఉంటుంది.
నా పాదాలకి చెప్పులున్నాయి.

పదకొండింటికి దమయంతి గారు ఫోన్ చేసింది.
ఫలితం అడుగుతుందనుకున్నాను.
"అమ్మా, మా ఆడపడుచుకి
మంగళవారం తిరిగి ఇచ్చేశావా?
ఉత్తుత్తిదేలే.
అయినా."